వార్డు మారిన రోజు మళ్లీ మొదటి రోజే!



వార్షికోత్సవ సంచికకు "నర్సింగు గురించి నాలుగు మాటలు రాయండక్కా" అని మీరు అడిగారు. మేము ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఏ కోర్సు ఎన్నేళ్లు, ఎక్కడ సీట్లుంటాయి అన్న సంగతులు మీకు ఎవరైనా చెబుతారు. ఉద్యోగంలో చేరాక మొదటి రెండు మూడేళ్లు మనసులో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే అదే రాస్తున్నాం.

మాలో ఒకరిది కృష్ణపట్నం, ఒకరిది నేలటూరు, మరొకరిది ముత్తుకూరు. ఒకే గదిలో ట్రంకుపెట్టెలు పక్కపక్కనే పెట్టుకుని చదువుకున్నాం. ముగ్గురం నర్సులమయ్యాం. ముగ్గురం మొదట చేరిన విభాగంలో ఇప్పుడు లేము. ఒకరు సర్జికల్ వార్డు నుంచి డయాలసిస్‌కు, ఒకరు కాన్పుల గది నుంచి ఐసీయూకి, ఒకరు ఆపరేషన్ థియేటర్ నుంచి ఊరి ఆరోగ్య కేంద్రానికి మారారు. మారిన ప్రతిసారీ "నాకేమీ రాదేమో" అన్న భయం మళ్లీ మొదటికి వచ్చింది. ఆ భయం ఎందుకొస్తుంది, ఎలా తగ్గుతుంది, ఎప్పుడు మారాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే ఈ వ్యాసం.

మొదటి ఏడాది ఏడుపు

మాలో మొదటి ఆమె సంగతి. సర్జికల్ వార్డులో చేరి మూడో వారం. నైట్ డ్యూటీ. సాయంత్రం ఆపరేషన్ అయి వచ్చిన ఒక పెద్దాయనకు పల్స్ పెరుగుతోంది, బీపీ తగ్గుతోంది. చెమటలు పడుతున్నాయి. ఏదో తేడాగా ఉందని ఆమెకు తెలుసు. ఫోను దగ్గరికి రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చింది. "నిద్ర లేపితే డాక్టరుగారు తిడతారేమో, నేను చెప్పింది తప్పైతే నవ్వుతారేమో" అని ఇరవై నిమిషాలు ఆగింది. పక్క వార్డు నుంచి వచ్చిన సీనియర్ సిస్టర్ చూసి వెంటనే ఫోను చేసింది. లోపల రక్తం కారుతోందని తేలింది. ఆయన్ను మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. బతికారు.

ఆయన బతికినా మా స్నేహితురాలు మాత్రం దుప్పట్లు పెట్టే గదిలో కూర్చుని తెల్లారేదాకా ఏడ్చింది. "ఈ ఉద్యోగానికి నేను పనికిరాను. కనీసం ఈ వార్డుకు పనికిరాను" అనుకుంది. పొద్దున్నే వెళ్లి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ను వార్డు మార్చమని అడిగింది. మేడమ్ కాదనలేదు. "మారుస్తానమ్మా. కానీ నీకు భయం దేనివల్లో ముందు కాగితం మీద రాసుకుని రా" అన్నారు.

రాస్తే తేలిందేమిటంటే, ఆమెకు రోగి అంటే భయం లేదు. రక్తం అంటే భయం లేదు. ఫోను అంటే భయం! ఫోను లేని వార్డు ఏ ఆస్పత్రిలోనూ ఉండదు కదా. అంటే వార్డు మారినా భయం వెంటే వస్తుంది. అది తెలిశాక ఆమె ఎనిమిది నెలలు అక్కడే ఉండి, ఫోనులో మాట్లాడటం నేర్చుకుని, ఆ తర్వాత ఇష్టపడి డయాలసిస్‌కు మారింది. పారిపోవడానికీ మారడానికీ తేడా మాకు అప్పుడే అర్థమైంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు

1974లో అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సు 'రియాలిటీ షాక్' అనే పుస్తకం రాశారు. స్కూల్లో నేర్చుకున్న నర్సింగుకూ వార్డులో కనిపించే నర్సింగుకూ మధ్య ఉన్న దూరం చూసి కొత్త నర్సులు ఎలా కుంగిపోతారో అందులో వివరించారు. మొదట కొన్నాళ్లు అంతా ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత దెబ్బ తగులుతుంది. పని మీద, మనుషుల మీద, తన మీద తనకే కోపం వస్తుంది. మెల్లగా తేరుకుంటారు. చివరికి తమదైన ఒక పద్ధతికి వస్తారు. చాలామంది రెండో దశలోనే ఉద్యోగం మానేస్తారు. అదే దారి చివర అనుకుంటారు. నిజానికి అది దారి మధ్యలో వచ్చే గుంట!

1984లో పాట్రీషియా బెన్నర్ అనే మరో నర్సు ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పారు. నర్సు ఎదుగుదలలో ఐదు మెట్లున్నాయి: ఏమీ తెలియని కొత్త మనిషి, కొంచెం తెలిసిన మనిషి, సమర్థురాలు, నేర్పరి, నిపుణురాలు. మూడో మెట్టుకు, అంటే తన పనిని తానే ఒక క్రమంలో పెట్టుకోగల స్థితికి రావడానికి ఒకే రకం పనిలో సుమారు రెండు మూడేళ్లు పడుతుందని ఆమె రాశారు. కాబట్టి ఆరు నెలలకే "నాకింకా ధైర్యం రాలేదు" అని బాధపడటం, నాటు వేసిన నెలకే కోత కోయలేదని బాధపడటం లాంటిది.

బెన్నర్ చెప్పిన రెండో సంగతి మాకు ఇంకా ఊరటనిచ్చింది. ఎంత అనుభవమున్న నర్సయినా, తనకు తెలియని రకం రోగులున్న విభాగానికి వెళితే మళ్లీ మొదటి మెట్టు దగ్గరే మొదలుపెట్టవచ్చు. అది అవమానం కాదు. పని స్వభావమే అంత.

మన ఊరి లెక్కలో చెప్పాలంటే, కండలేరు ఉప్పుటేటిలో పడవ నడిపిన మనిషి మొదటిసారి సముద్రంలోకి వెళితే తడబడతాడు. అలల లెక్క వేరు, గాలి లెక్క వేరు. అంతమాత్రాన అతనికి తెడ్డు పట్టడం రాదని ఎవరూ అనరు.

పాత వార్డు నేర్పింది కొత్త వార్డులో పనికొస్తుంది

మాలో రెండో ఆమె కాన్పుల గదిలో మూడేళ్లు చేసి ఐసీయూకి మారింది. మొదటి రోజు వెంటిలేటర్ అలారం మోగితే వెనక్కి జరిగి గోడకు ఆనుకుందట. తనకంటే చిన్నపిల్లలు చకచకా సిరంజి పంపులు సరిచేస్తుంటే సిగ్గేసింది. మూడేళ్ల సర్వీసు నీళ్లలో పోసినట్టయిందని అనుకుంది.

రెండో వారంలో ఒక సంగతి జరిగింది. కాన్పుల గదిలో గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన తల్లులకు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఆ మందు ఒంట్లో ఎక్కువైతే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అందుకని ప్రతి డోసుకూ ముందు మూడు చూడాలి: మోకాలి దగ్గర తట్టితే కాలు కదులుతోందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు వస్తోందా అని. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా ఉంచాలి. మూడేళ్లు ఇదే చేయడంతో గంట గంటకూ మూత్రం సంచి చూడటం ఆమెకు అలవాటైపోయింది. ఐసీయూలో ఒక రోగికి బీపీ ఇంకా బాగానే ఉన్నా మూత్రం 40 నుంచి 25కు, 25 నుంచి 15కు తగ్గుతోందని అందరికంటే ముందు గమనించింది ఆమే. డాక్టరుకు చెప్పింది. షాక్ మొదలవుతున్నప్పుడే చికిత్స అందింది.

వెంటిలేటర్ ఆమెకు అప్పటికి రాదు. కానీ చూసే కన్ను వచ్చింది. మిషన్లు మూడు నెలల్లో వస్తాయి, కన్ను రావడానికే ఏళ్లు పడుతుంది. ఆ కన్ను వార్డు మారినా మనతోనే ఉంటుంది.

అందరూ ఒక్కసారే వార్డు మారిన కాలం

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రెండో విడతలో మన కృష్ణపట్నం పేరు దేశమంతా మోగింది. మూలికల మందు కోసం ఎక్కడెక్కడి నుంచో వేలమంది మన ఊరికి వచ్చారు. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. రద్దీ తట్టుకోలేక పంపిణీ ఆపాల్సి వచ్చింది. ఆ మందు మీద వాదన ఇక్కడ మా పని కాదు. ఊపిరి అందక మనుషులు ఎంత దిక్కుతోచక ఉన్నారో ఆ దారుల్లో కనిపించిందని మాత్రం చెబుతాం.

అదే నెలలో ఆస్పత్రుల్లో ఎముకల వార్డు నర్సు, కంటి వార్డు నర్సు, థియేటర్ నర్సు అందరూ కోవిడ్ వార్డుల్లో ఉన్నారు. ఎవరికీ ఇష్టమేమిటని అడగలేదు, అడిగే కాలమూ కాదు. థియేటర్‌లో పనిచేసే మా మూడో స్నేహితురాలికి ఆక్సిజన్ మాస్కుల్లో రకాలు ఒక్క పూటలో నేర్పారు. రోగిని బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అంది ఆక్సిజన్ శాతం పెరుగుతుందని అక్కడే చూసి నేర్చుకుంది. పీపీఈ లోపల చెమటతో తడిసిపోతూ పనిచేసింది. థియేటర్‌లో రోగి మత్తులో ఉంటాడు కాబట్టి ఏళ్ల తరబడి ఆమెకు రోగితో మాటలు తక్కువ. కోవిడ్ వార్డులో మాత్రం ఇంటివాళ్లు దగ్గర లేని మనుషులకు ఆమే ఇల్లు అయింది. మాట్లాడటం తనకు ఇంత ఇష్టమని అప్పుడే తెలిసిందట.

2018లో ఆయుష్మాన్ భారత్ కింద హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు మొదలయ్యాయి. బి.ఎస్సీ. నర్సింగు చదివినవాళ్లకు సమాజ ఆరోగ్యంలో ఆరు నెలల శిక్షణనిచ్చి వాటిలో నియమించే పద్ధతి వచ్చింది. మన రాష్ట్రంలో వీళ్లను ఎంఎల్‌హెచ్‌పీలు అంటారు. కరోనా తగ్గాక ఆమె ఆ దారి ఎంచుకుంది. ఇప్పుడు 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్షలు చేస్తుంది, గర్భిణులను చూస్తుంది, మందులు మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి అడుగుతుంది. "థియేటర్ వదిలి పల్లెకు పోతావా, పిచ్చా!" అన్నవాళ్లున్నారు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఒకాయనకు బీపీ 200 దాటి ఉండగా పట్టుకుని పక్షవాతం రాకముందే ఆస్పత్రికి పంపిన రోజు, ఆ మాటకు జవాబు దొరికిందని ఆమె అంటుంది.

మారాలా? ఆగాలా?

మా అనుభవంలో ఈ ప్రశ్నలు పనికొచ్చాయి. కాగితం మీద జవాబులు రాసుకోండి.

1. నాకు కష్టం పనితోనా, ఒక మనిషితోనా, రాత్రి డ్యూటీలతోనా, తెలియనితనంతోనా? తెలియనితనమైతే అది ఏ వార్డుకు వెళ్లినా ఉంటుంది. కొన్నాళ్లు ఆగడం మేలు.

2. డ్యూటీ అయ్యాక కూడా ఏ రోగుల గురించి ఆలోచిస్తున్నాను? ఏ పాఠం ఇష్టంగా చదువుతున్నాను? మనసు ఎటు లాగుతోందో అక్కడ తెలుస్తుంది.

3. వెళ్లాలనుకున్న విభాగాన్ని ఒక్క రోజైనా దగ్గరుండి చూశానా? సెలవు రోజున రెండు గంటలు పక్కన నిలబడి చూస్తానని అడగండి. చాలామంది కాదనరు.

4. రాజీనామా చేయకుండా ఇదే ఆస్పత్రిలో వార్డు మారే వీలుందా? మొదట అదే అడగాలి. మనుషులు, రిజిస్టర్లు, పద్ధతులు తెలిసినచోట కొత్త పని నేర్చుకోవడం తేలిక.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. నేర్పడం కోసం కోప్పడటం వేరు, మనిషిని కించపరచడం వేరు. కులం పేరుతో, ఊరి పేరుతో అవమానిస్తే, ఒంటి మీద చెయ్యి వేస్తే ఏడాది పూర్తవ్వాలని ఆగకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, బయటికి రండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ అప్పగించకండి. చూపించి, జిరాక్సులు ఇవ్వండి. మాలో ఒకరి సర్టిఫికెట్లు ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్లు ఏడు నెలలు బీరువాలో పెట్టుకున్నారు. ఆ ఏడు నెలలూ ఆమె మంచి అవకాశం వచ్చినా కదలలేకపోయింది.

కొత్త వార్డులో మొదటి మూడు నెలలు

మొదటి వారం: మందుల పేర్లకంటే ముందు చోట్లు నేర్చుకోండి. అత్యవసర మందుల ట్రాలీ ఎక్కడ, ఆక్సిజన్ సిలిండర్ తాళంచెవి ఎక్కడ, సక్షన్ పనిచేస్తోందా, ఏ నంబరుకు ఫోను చేయాలి. ప్రమాదం వచ్చినప్పుడు కాపాడేది ఇదే.

మొదటి నెల: ఆ వార్డులో ఎక్కువగా వాడే పది మందులు. ప్రతి మందుకూ మోతాదు, ఎంత నెమ్మదిగా ఇవ్వాలి, ఏం చూస్తూ ఉండాలి, విరుగుడు ఏమిటి. ఏ వార్డులోనైనా మరవకూడనిది పొటాషియం క్లోరైడ్. దాన్ని నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి నెమ్మదిగానే ఇవ్వాలి.

రెండో నెల: ఆ వార్డు లెక్కలు. పెద్దవాళ్ల గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు 120 నుంచి 160 మామూలు. పెద్దవాళ్ల వార్డు నుంచి పసిపిల్లల వార్డుకు వెళ్లినవాళ్లు కంగారుపడేది ఇక్కడే. డయాలసిస్‌లో ఫిస్టులా ఉన్న చేతికి బీపీ కట్టకూడదు, ఆ చేతిలో సూది గుచ్చి రక్తం తీయకూడదు. ప్రతి వార్డుకూ ఇలాంటి కట్టుబాట్లు నాలుగైదు ఉంటాయి. అవి ఏమిటని మొదటే అడగండి.

మూడో నెల: ఒక పని పూర్తిగా మీదే చేసుకోండి. మా స్నేహితురాలు డయాలసిస్‌లో మిషన్ సిద్ధం చేయడం తన పనిగా తీసుకుంది. ఒక్కదానిలో చెయ్యి తిరిగితే మిగతావాటికి ధైర్యం వస్తుంది.

జేబులో చిన్న నోటుబుక్కు తప్పకుండా ఉండాలి. అడిగింది అందులో రాసుకుంటే అదే ప్రశ్న రెండోసారి అడగనక్కర్లేదు. ఒకసారి అడిగిన ప్రశ్నకు విసుక్కునేవాళ్లు తక్కువ.

ఫోనులో ఎలా చెప్పాలి?

మొదటి ఆమె భయం పోగొట్టిన పద్ధతి ఇది. దీన్ని ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడుకలో ఉన్న పద్ధతిని ఆస్పత్రులు తీసుకున్నాయి. నాలుగే మెట్లు: ఇప్పుడేం జరుగుతోంది, రోగి వెనకటి సంగతి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి.

"సార్, సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సును మాట్లాడుతున్నాను. 12వ బెడ్ పేషెంటుకు బీపీ 90/60కి పడిపోయింది, పల్స్ 124. సాయంత్రం కడుపు ఆపరేషన్ అయింది, అప్పుడు బీపీ 130/80. డ్రెస్సింగ్ తడుస్తోంది, చెమటలు పడుతున్నాయి. రక్తస్రావమేమోనని నాకు అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్. వచ్చేలోపు ఏం చేయమంటారు?"

అర నిమిషం కూడా పట్టదు. ఇందులో భయపడే మాట ఒక్కటీ లేదు. ఫోను చేసేముందు నాలుగూ కాగితం మీద రాసుకుని చదివినా తప్పులేదు. మా స్నేహితురాలు ఆరు నెలలు చదివే చెప్పింది.

ముందు ఎన్ని దారులున్నాయో!

నర్సు అంటే ఇంజెక్షన్లు ఇచ్చే మనిషి అనే మన ఊళ్లలో ఇంకా అనుకుంటారు. జి.ఎన్.ఎం. చేసినవాళ్లు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. రెండేళ్లు చదవవచ్చు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆమోదంతో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, పసిపిల్లల నర్సింగు, క్యాన్సర్, మానసిక వైద్యం, ఆపరేషన్ గది ఇలా ఎన్నో. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలిచ్చాక కాన్పుల పనిలోనే నిపుణులయ్యే దారి తెరుచుకుంది. ఎయిమ్స్ ఉద్యోగాలకు నార్సెట్ పరీక్ష ఉంది. తమ్ముళ్లకు కూడా ఈ దారుల్లో చాలావరకు ఉన్నాయి.

మన ఇంటి పక్కనే మరో దారి ఉంది. 2008లో కృష్ణపట్నం పోర్టు ప్రారంభమైంది. చుట్టూ థర్మల్ కేంద్రాలు, ఫ్యాక్టరీలు వచ్చాయి. 500 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో అంబులెన్స్ గది, అందులో నర్సింగు సిబ్బంది ఉండాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ వస్తున్న నియమం. కార్మికుల ఆరోగ్యం కూడా ఒక ప్రత్యేక విభాగమే. మన నాన్నలు, అన్నలు పనిచేసేచోట నర్సుగా ఉండటం తక్కువ సంగతా?

చివరగా ఒక మాట

హాస్టల్ పిల్లలమని చెప్పుకోవడానికి మేము మొదట్లో వెనకాడాం. మన ఇంగ్లీషు చూసి నవ్వుతారని నోరు విప్పలేదు. "మీదే ఊరు, మీరెవరు?" అని ఆరా తీస్తే తల దించుకున్నాం. నేలటూరు థర్మల్ కేంద్రం బోర్డు మీద మనం రోజూ చదివే దామోదరం సంజీవయ్య గారు కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. తల ఎందుకు దించుకోవాలి? పడక మీద ఉన్న మనిషి మన ఇంగ్లీషు అడగడు. "నొప్పి తగ్గుతుందా అమ్మా?" అని తెలుగులోనే అడుగుతాడు.

మీరు హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి గుర్తుందా? చాప ఎక్కడ పరుచుకోవాలో, బకెట్ వరస ఎక్కడ మొదలవుతుందో తెలియక, అమ్మ గుర్తొచ్చి మేమైతే ముగ్గురం ఏడ్చాం. మూడు నెలలకు అంతా తెలిసిపోయింది. తర్వాతి ఏడు కొత్తగా వచ్చి ఏడుస్తున్న పిలకాయలకు కంచం తెచ్చిచ్చి పక్కన కూర్చున్నది మనమే. అంటే ఒకసారి వార్డు మారి గట్టెక్కిన అనుభవం మీకు ఇప్పటికే ఉంది!

నర్సింగులోనూ అంతే. మొదటి రోజు మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ కొంచెం తక్కువ భయపెడుతుంది. మీ వార్డులోకి కొత్తగా వచ్చి గోడకు ఆనుకుని నిలబడిన చెల్లెలు ఎవరైనా కనిపిస్తే, ట్రాలీ ఎక్కడుందో ముందు మీరే చూపించండి. మేము మిమ్మల్ని అడిగేది అదొక్కటే.

ఇట్లు,
మీ అక్కలు,
హాస్టల్ పూర్వ విద్యార్థినులు